ఇంటి యంత్రమునకు రబ్బరు చైను

స్త్రీల పత్రికలో రబ్బరు చైనుల ప్రసక్తి యేమని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. ఊరగాయలనుగూర్చియో, పసిబిడ్డల పోషణమునుగూర్చియో వ్రాయవలసిన చోట మన్ను త్రవ్వెడి యంత్రముల మాట యెత్తితిమని మాపై కోపింపకుందురుగాక. పొలముమీది యాదాయము చాలక, ఒక చిన్న యంత్రమును అప్పుమీద కొని అద్దెకు త్రిప్పుకొను కుటుంబములు నేడు మన జిల్లాలలో పెక్కు గలవు. ఆ అప్పుపత్రముమీద ఇల్లాలి సంతకమును ఉండును. మొదటి సొమ్ము కట్టుటకు తాకట్టు పెట్టునది తరచుగ నామె మెడలోని బంగారమే. అట్టి యంత్రము నిలిచియుండునది రెండు రబ్బరు పట్టీలమీద. అవి తెగిన దినమున ఆదాయము తెగును. బ్యాంకు వాయిదా మాత్రము తెగదు. ఈ సంగతి మేము పుస్తకములు చదివి తెలిసికొన్నది కాదు. మా యింటనే జరిగినది.

పెద్ద పసుపుపచ్చని జేసీబీ నెరుగనివారు మన యూళ్లలో లేరు. దానికి చక్రములుండును. చక్రములకు మారుగ ఇనుప చైనులు గలిగి చెరువులు త్రవ్వునది ప్రొక్లెయిను. ఈ రెండును దూరలేని సందులలో మంచినీటి గొట్టములు పాతుటకును, మురుగుకాలువ తీయుటకును, ఇంటి వెనుక మరుగుదొడ్డి గొయ్యి త్రవ్వుటకును వచ్చునది మినీ ప్రొక్లెయిను. మా యింటనున్నది సుమారు 3 టన్నుల బరువు, మీటరున్నర వెడల్పు. ఇట్టిదానికి ఇనుప చైనులు వేసినచో సిమెంటు రోడ్డును, ముంగిటి గచ్చును చెక్కివేయును. అందుచేతనే రబ్బరు చైనులు వేయుదురు. తడి మళ్లలో వరి కోయుటకు వచ్చు చైను మిషనులకును ఇట్టివే యుండును గావున, కోతకాలమున గట్టుమీద నిలిచి చూచిన వారికిది క్రొత్త వస్తువు కాదు.

చైను అను మాట మాత్రము కొంత తికమక పెట్టును. అది గొలుసు కాదు. అతుకు కానరాని వెడల్పాటి పట్టీ. వెలుపల దళసరి రబ్బరు కట్లుండును. లోపల రెండు విధములైన ఉక్కు దాగియున్నది. పట్టీ పొడవునను చుట్టివచ్చు ఉక్కుతీగెల త్రాళ్లు మొదటిది. బలమంతయు వీనియందే గలదు. అడ్డముగా వరుసగా పొదిగిన ఉక్కు దిమ్మెలు రెండవది; వెనుకనున్న పండ్లచక్రము, అనగా స్ప్రాకెటు, ఈ దిమ్మెలను పట్టి పట్టీని లాగును. ముందుప్రక్క నున్నని చక్రము ఐడ్లరు. దీనికి పండ్లు లేవు. నడుమ క్రిందివరుసను చిన్న చిన్న రోలర్లు యంత్రపు బరువును మోయుచుండును. బరువు ఇంత వెడల్పున పరచుకొనుటచేత, 3 టన్నుల యంత్రము చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 కిలో మాత్రమే నేలను నొక్కును. మనము నడుచునప్పుడు ఒంటికాలిపై మోపెడి ఒత్తిడియు ఇంచుమించుగ నంతియే. కనుకనే మనిషి దిగబడని బురదలో ఇదియు దిగబడదు.

ఇట్టి పట్టీమీద బండిని నడపవచ్చునను యోచన నూరేండ్లకు పైబడినది. అడాల్ఫ్ కెగ్రెస్ అను ఫ్రెంచి యింజనీరు రష్యా చక్రవర్తి రెండవ నికోలాసు కార్లశాలలో కొలువుండెను. అచ్చటి చలికాలపు మంచులో చక్రములు కూరుకొనిపోవుచుండగా, వెనుక చక్రములకు మారుగ సాగెడి పట్టీలమర్చి ప్రభువు కార్లను నడిపించెను. 1917 విప్లవానంతర మతడు స్వదేశమునకు పోయి సిట్రోయెన్ కంపెనీతో చేరెను. ఆ కంపెనీవారి రబ్బరు పట్టీల బండ్లు 1922 డిసెంబరులో బయలుదేరి సహారా యెడారి దాటి 1923 జనవరిలో టింబక్టూ చేరెను. ఆ జాతి బండ్లే 1931 లో మన శ్రీనగరమునుండి గిల్గిట్టు వైపు హిమాలయ మార్గమున గూడ సాగినవి. మంచుకొరకు పుట్టిన పట్టీ ఇసుకమీదను, కొండమీదను ప్రాకి, కడకు ఇరుకు వీధుల జపాను దేశమున చిన్న త్రవ్వుడు యంత్రములను చేరి, నేడు మన సందుగొందులకు వచ్చినది. చక్రవర్తి కారునుండి మా వీధి మురుగుకాలువ వరకు వచ్చిన ఈ పట్టీని జూచి మా అత్తగారు, “దీని జాతకము మంచిదే, మన జాతకమే చూడవలె” ననిరి.

ఆమె మాట నిజమయ్యెను. యంత్రమును కొన్నది 2021 శ్రావణమాసమున. మా మరిది పనులు కుదుర్చుచుండెను. నడపుట కొక కుఱ్ఱవానిని పెట్టుకొంటిమి. లెక్కల పుస్తకము మా చేతిలో నుండెను. యంత్రము పనిచేసిన గంటలను చూపు మీటరొకటి దానియందే యున్నది. డీసెలు ఖర్చు, అద్దె, వాయిదా వ్రాసితిమి గాని చైనునుగూర్చి ఒక్క పంక్తియైన వ్రాయలేదు. అది యంత్రముతోపాటు వచ్చినది గదా, యంత్రముతోపాటే యుండునని మా నమ్మకము.

ఒకనాడు పడగొట్టిన పాతయిల్లొకదాని శిథిలములను తీయుచుండగా, కాంక్రీటులోనుండి పొడుచుకొనివచ్చిన ఇనుపచువ్వ కుడిప్రక్క చైనును బెత్తెడు పొడవున కోసెను. “అమ్మగారూ, లోపలి తీగె కనబడుతోందండీ” అని కుఱ్ఱవాడు వచ్చి చెప్పెను. నడుచుచున్నదా యని యడిగితిమి. నడుచుచున్నదనెను. ఆ మాటతో విషయము ముగిసెను. అటుపిమ్మట భీమవరము దిక్కున రొయ్యల చెరువుల గట్లు సరిచేయు పని నలువది దినములు దొరకెను. మంచి అద్దె. ఆ చెరువులలోనిది ఉప్పునీరు. గాయమునుండి లోనికి దిగిన ఉప్పునీరు ఉక్కుతీగెలను దినదినము త్రుప్పు పట్టించుచుండెను. పైకి రబ్బరు నిగనిగలాడుచునే యున్నది. తిరిగివచ్చిన మూడవవారమున, పెండ్లివారి యింటి సందులో గొట్టపుకాలువ సగము త్రవ్వియుండగా, పెద్ద చప్పుడుతో చైను తెగెను. మీటరుమీద 940 గంటలు. పందిరి వేయవలసిన చోట 3 టన్నుల యంత్రము ఒకప్రక్కకు ఒరిగి కదలక కూర్చుండెను. పెండ్లివా రన్న మాటలు వ్రాయబనిలేదు.

సామాన్యముగ ఇట్టి చైను 1000 మొదలు 1500 గంటల వరకు పనిచేయును. మెత్తని నేలమీద జాగ్రత్తగా నడిపిన అంతకు మించియు రావచ్చును. రాళ్లమీద మొరటుగా నడిపిన ఎనిమిదివందలైనను రాదు. జత ధర లక్షరూపాయలకు మించుటయు గలదు. కనుక దానిని చంపునవేవో యెరుగుట ఇల్లాలికి ప్రయోజనకరము.

రబ్బరునకు గల శత్రువులను మనము వంటయింట నెరిగినవారమే. కుక్కరు రబ్బరు ఎండకును వేడికిని గట్టిపడి పగులుట చూచుచునే యున్నాము గదా. ఇదియు నట్లే. డీసెలు, ఇంజను నూనె చిందిన చోట రబ్బరు ఉబ్బి మెత్తబడును, వెంటనే కడిగివేయవలెను. ఎండలో నెలలతరబడి కదలక నిలిపిన యంత్రపు చైను గీటులు గీటులుగ పగులును. ఐనను ఎండకంటెను నూనెకంటెను నడుపువాని చేయి ఎక్కువ చెరుపు చేయును. సిమెంటు నేలమీద నున్నచోటనే గిరుక్కున తిప్పుట అన్నిటికంటె చెడ్డది. అట్లు తిరిగినపుడు నేలమీద నల్లని చారలు పడును. ఆ నలుపంతయు మన రబ్బరే. కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు పోవుచు విశాలముగ తిరిగినచో ఈ నష్టముండదు. రోడ్డుప్రక్క గట్టును ఏటవాలుగ ఎక్కించినచో చైను అంచు నలిగి తెగును; ఎదురుగ తిన్నగా ఎక్కించవలెను. రెండు కిలోమీటర్లే గదా యని వేసవి మధ్యాహ్నము తారురోడ్డుమీద నడిపించుకొనిపోవుటకంటె ట్రాక్టరు ట్రక్కుమీద నెక్కించుట చౌక. కృష్ణకు ఈవల నల్లరేగడి నేలలలో బంక రోలర్లచుట్టు పట్టుకొని రాయివలె గట్టిపడును. తెలంగాణపు రాతినేలలలో గులకరాయి పండ్లచక్రమునకును చైనుకును నడుమ దూరి త్రాళ్లను సాగదీయును. ఏ నేలయైనను సాయంకాలము పారతో గీకి, మంచినీటితో కడుగవలసినదే. ఉప్పునీటి చెరువులనుండి వచ్చినపుడు రెండుమార్లు కడిగినను తప్పులేదు.

ఇక బిగువు మాట. కుట్టుమిషను గల సోదరీమణులకు దీనిని వివరింప నక్కరలేదు. బెల్టు వదులైనచో జారిపోవును. మరీ బిగిసినచో కాలు పీకును, ఇరుసు అరుగును. రబ్బరు చైనును అంతే. వదులైనది మలుపులో ఐడ్లరునుండి జారి ఊడిపడును. పండ్లచక్రముమీద ఎగిరెగిరి పడుచు దిమ్మెలను విరుగగొట్టును. మరీ బిగించినది ఉక్కుత్రాళ్లను లాగి, చక్రముల బేరింగులను తినివేసి, డీసెలునుగూడ ఎక్కువ త్రాగించును. మన ఆపరేటర్లు ఊడుననెడి భయముతో వీణతీగెవలె బిగింతురు. మావాడును అదే చేసెను.

సరియైన బిగువు కొలుచు విధమిది. బూమును బ్లేడును నేలకు నొక్కి చైను నేలనుండి పైకి లేచునట్లు చేయుదురు. యంత్రము క్రుంగకుండ క్రింద మొద్దులు పెట్టవలెను. బకెట్టు మోయుచున్నది గదా యని నమ్మి ఎవరును క్రిందికి దూరరాదు. అప్పుడు నడిమి రోలరు అడుగునకును చైను లోపలితలమునకును గల సందును కొలువవలెను. మా యంత్రముతో వచ్చిన పుస్తకములో 10 మొదలు 15 మిల్లీమీటర్లని యున్నది. అనగా ఒక వ్రేలి వెడల్పు. కొన్ని యంత్రములకు ఇంతకు రెట్టింపుండును గాన ఎవరి పుస్తకము వారు చూచుకొనవలెను. వారమున కొకమారు, లేదా 50 గంటల కొకమారు ఇది తప్పదు. క్రొత్త చైను మొదట కొంచెము సాగును గాన ఆ దినములలో మరింత తరచుగ చూడవలెను.

బిగించునది మరచీల కాదు, గ్రీజు. ఐడ్లరు వెనుక ఒక గొట్టములో గ్రీజు నింపియుండును. గ్రీజుగన్నుతో ఇంకను ఎక్కించినచో ఐడ్లరు ముందుకు జరిగి చైను బిగియును. వదులు చేయుటకు అచ్చటి వాల్వును మెల్లమెల్లగ, ఒక చుట్టునకు మించకుండ త్రిప్పిన గ్రీజు వెలికివచ్చును. ఇచ్చట మా మాటను సోదరీమణులు తమ యింటి పురుషులకు మరిమరి చెప్పవలెను. ఆ గొట్టములోని గ్రీజు మహాబలమైన ఒత్తిడిలో నుండును. వాల్వును పూర్తిగ ఊడదీసినచో అది బాణమువలె ఎగిరివచ్చును. గ్రీజుధార చర్మమును చీల్చి లోనికి పోగలదు; పైకి సూదిపోటంత గాయమే కనబడినను లోపల కండ కుళ్లును. చేయి పోయినవారును గలరు. అట్టిది జరిగినచో పసుపు అద్ది కూర్చుండక ఆ గడియననే ఆసుపత్రికి పోయి, గ్రీజు లోనికి పోయినదని వైద్యునితో స్పష్టముగ చెప్పవలెను. ముఖమును వాల్వునకు ఎదురుగ పెట్టరాదు. పిల్లలను ఆ ప్రక్కలకు రానీయరాదు.

మా తెగిన చైను కథ ఇంకను ముగియలేదు. పట్టణములో నొక దుకాణమునకు మా మరిది పరుగెత్తెను. చైను లోపలి తలమున కొలత అచ్చుపోసియుండును. మాది 300×52.5×80. వెడల్పు 300 మిల్లీమీటర్లు, ఒక దిమ్మెనుండి మరియొక దిమ్మెకు దూరము 52.5 మిల్లీమీటర్లు, దిమ్మెలు 80. చివరి రెండింటిని గుణించిన 4200, అనగా చైను చుట్టుకొలత 4 మీటర్ల 20 సెంటీమీటర్లు. ఈ లెక్క మేము కాగితముమీద వ్రాసియిచ్చితిమి. మూడంకెలు సరిపోయిన జత తెచ్చిరి. క్రొత్త చైను వేసిన రెండవనాడు ఊడెను. మరల వేసిరి. మూడవనాడును ఊడెను. కుఱ్ఱవానిని మేమును తిట్టితిమి. వాడు కంట నీరు పెట్టుకొనెను.

అప్పుడు ముసలి మేస్త్రీ యొకడు వచ్చి పాత చైను తెమ్మనెను. లోపలితలముమీద ముగ్గుపిండి రుద్దెను. గాడులలో తెలుపు నిలిచి అంకెలు తేటపడెను. 52.5 ప్రక్కన ఒక ఇంగ్లీషు అక్షరము! క్రొత్తదానిమీద వేరొక అక్షరము. కొలతలొక్కటే యైనను రోలరు నడుచు దారియొక్క తీరును ఆ యక్షరము తెలుపునట. మా రోలర్లు దారి తప్పి దిమ్మెల కొమ్ములమీద నెక్కి తిరుగుచున్నవి. “అంకె చూసి కొన్నారమ్మా, అక్షరం చూడలేదు” అనెను. దుకాణమువారు మట్టి తగిలిన సరుకు మరల తీసికొనమనిరి. తుదకు ఆ జతను సరిపడిన యంత్రము గల వేరొకరికి సగము ధరకు అమ్మి, అసలైనది కొంటిమి. యంత్రము పదునొకండు దినములు నిలిచెను. ఆ నెల వాయిదాకు మా తోడికోడలి గాజులు వెళ్లినవి. కుఱ్ఱవానికి మేము చెప్పవలసిన మాట చెప్పితిమి. పెద్దవారము గదా యని ఊరకుండుట న్యాయము కాదనిపించెను.

మేస్త్రీ చైను వేసిన విధము చూడదగియుండెను. యంత్రమును లేపి మొద్దులమీద నిలిపి, గ్రీజు వదలి, ఐడ్లరును వెనుకకు నెట్టెను. మూడు ఇనుప గొట్టములను చైను లోపల ఐడ్లరు సమీపమున అడ్డముగ పెట్టి, పండ్లచక్రమును వెనుకవైపునకు మెల్లగ త్రిప్పించెను. గొట్టములు ఐడ్లరు మీదికి వచ్చి చైనును పైకి లేపెను. ప్రక్కకు లాగగానే జారిపడెను. క్రొత్తది వేయునపుడు మొదట పండ్లచక్రమునకు తగిలించి, పిమ్మట అవే గొట్టముల సాయమున ఐడ్లరుమీదికి జార్చెను. గడ్డపలుగు పట్టుటకు ఇద్దరు మనుష్యులు, త్రిప్పుటకు కుఱ్ఱవాడు. చక్రము తిరుగునంతసేపు చేయి లోన పెట్టవలదని క్షణక్షణము కేకలు వేయుచునే యుండెను. మొదటిప్రక్కకు గంటన్నర, రెండవదానికి ముప్పావుగంట పట్టెను.

తెగినది ఒకటియే గదా, రెండును ఏల మార్చవలెనని మా అత్తగా రడిగిరి. ఆ ప్రశ్న మాకును కలిగెను. ఒకప్రక్క క్రొత్తది ఎత్తుగను, ఒకప్రక్క అరిగినది పల్లముగను ఉన్నచో యంత్రము తిన్నగా పోక ఒకవైపునకు లాగుచుండును. అరుగుదలయు సమముగ నుండదు. తెగనిది దాదాపు క్రొత్తదైనపుడు ఒకటియే మార్చిన మార్చవచ్చును. 940 గంటలు నడిచినదానికి ఆ న్యాయము లేదు. పండ్లచక్రమును మేస్త్రీ వ్రేలితో తడిమి చూచెను. పండ్లు సొరచేప ముల్లువలె ఒకవైపునకు వంగి మొనదేరినచో అది క్రొత్త చైనును కొద్ది నెలలలోనే కొరికివేయునట. మాది ఇంకను ఒక జతకు తాళుననెను.

అటుతరువాత మా లెక్కల పుస్తకములో చైనుకు వేరుగ ఒక పుట యేర్పరచితిమి. వేసిన తేది, మీటరు గంటలు, అక్షరముతో గూడిన కొలత మొదటి పంక్తి. బిగువు కొలిచినప్పుడెల్ల మిల్లీమీటర్లు. ఎచ్చటి పని, ఏ నేల. గాయము కనబడినచో ఎంత పొడవు, తీగె కనబడినదా లేదా. తీగె కనబడినచో ఉప్పునీటి పనికి పంపము. అది ఎంత మంచి అద్దెయైనను సరే. గంటకు రూ. 100 చొప్పున అద్దెలోనుండి తీసి వేరుగ డబ్బాలో వేయుచున్నాము. ఈ మొత్తము చాలునా యని మా మరిది సందేహించెను గాని, 1200 గంటలకు లక్షా ఇరువదివేలగును. బంగారము జోలికి పోకుండ జత కొనుటకు అది సరిపోవలెను. మేము పుస్తకము తెరచినప్పుడు కుఱ్ఱవాడు మొదట నవ్వెడివాడు. ఇప్పుడు వాడే స్కేలు పట్టుకొని వచ్చి అంకె చెప్పి వ్రాయించుకొని పోవుచున్నాడు. ముందుగా కొనియుంచు చైనును నీడలో, చల్లనిచోట, మడతపడకుండ గుండ్రముగ పరుండబెట్టవలెనని మేస్త్రీ చెప్పినందున పాత ధాన్యపుకొట్టులో ఒక మూల ఖాళీ చేసితిమి.

తెగిన చైనును పశువులపాకలో పరచిన గిట్టలకు మెత్తగ నుండునని మా అత్తగారు చాల ఆశపడిరి. పాతవస్తువును పారవేయుట ఆమె కెన్నడును గిట్టదు. కాని కత్తికి తెగలేదు, రంపమునకు తెగలేదు. తెగిన కొనలనుండి త్రుప్పుతీగెలు సూదులవలె వెలికి వచ్చియుండెను. ఆవు కాలికి గ్రుచ్చుకొనునని నచ్చజెప్పుటకు మాకు రెండు దినములు పట్టెను. ఇనుపసామానువాడు వచ్చి తూచి కొనిపోవునప్పుడు, అందులోని ముగ్గుపిండి అంటిన ముక్కయొకటి మాత్రము కోయించి యుంచుకొంటిమి. అది లెక్కల పుస్తకమున్న అలమరలో, ఆ పుస్తకము ప్రక్కనే యున్నది.